పెద్దమ్మ చెప్పిన మొత్తం

యూనివర్సిటీలో ఆ పేపరు మొదలయ్యేనాటికి నా బిడ్డ ఇంకా బోర్లా పడటం నేర్చుకోలేదు. కాన్పు కోసం ఒక సెమిస్టరు మానేసి ఎం.ఏ. ఎకనామిక్స్‌లో మళ్ళీ చేరాను. గిద్దలూరులో తెల్లవారుజామున బస్సెక్కి క్లాసులకు వెళ్ళి, ఆ రాత్రి స్నేహితురాలి హాస్టల్ గదిలో పడుకుని, మర్నాడు తిరిగొచ్చేదాన్ని. బిడ్డ మా అత్తమ్మ దగ్గర ఉండేది. క్లాసులో కూర్చున్నా నా మనసంతా పాలసీసా మీదే. పొడిపాలు ఏ నీళ్ళతో కలిపారో అని మధ్యాహ్నం ఫోన్ చేసి అడిగేదాన్ని. క్యాన్ నీళ్ళే తల్లీ, ఎన్నిసార్లు అడుగుతావు అని అత్తమ్మ విసుక్కునేది. ఆ విసుగు చెవిన పడితేనే నాకు నిమ్మళం.

పేపరు పేరు ప్రాజెక్టుల మదింపు. అందులో రెండు భాగాలు. ఒకటి వ్యయ ప్రయోజన విశ్లేషణ. ఒక రోడ్డో, చెరువో, ఆసుపత్రో కట్టాలనుకుంటే అయ్యే ఖర్చంతా ఒక పక్క, వచ్చే మేలంతా ఇంకో పక్క రూపాయల్లో రాసి, ఏ పక్క బరువుందో చూడటం. రెండోది ఆర్థిక ప్రభావ అంచనా. అది వచ్చాక చుట్టుపక్కల ఎవరికి పని దొరుకుతుంది, ఎవరి పని పోతుంది, డబ్బు ఏ చేతిలోంచి ఏ చేతిలోకి మారుతుంది అని చూడటం. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ ఒకటి మూతపడితే టీ దుకాణం దాకా దెబ్బ ఎట్లా తగులుతుందో మా మేడం బోర్డు మీద గీసి చూపించారు. మా నాయన పలకల పనికి పోయేవాడే కాబట్టి ఆ బొమ్మ నాకు చప్పున అర్థమైంది. ఇంత న్యాయమైన చదువు ఇంకోటి లేదనిపించింది.

భవిష్యత్తులో వచ్చే మేలును ఈనాటి విలువకు తగ్గించడం చెప్పిన రోజు మాత్రం అది నాకు మింగుడు పడలేదు. పదేళ్ళకు వచ్చే రూపాయి ఈ రోజు రూపాయి కాదు, ఏడాదికి ఇంతని తరుగు తీసుకుంటూ వెనక్కి రావాలి అన్నారు మేడం. నేను పుస్తకం చివరి పేజీలో సొంత లెక్క ఒకటి వేసుకున్నాను. మంచి నీళ్ళు తాగి పెరిగితే నలభై ఏళ్ళ వయసులో నా కూతురి ఎముకలు గట్టిగా ఉంటాయి. ఆ మేలు లక్ష రూపాయలనుకుని, నూటికి పది చొప్పున నలభై ఏళ్ళు వెనక్కి తెచ్చాను. రెండు వేల చిల్లర మిగిలింది. క్యాలిక్యులేటర్ తప్పు నొక్కానేమోనని మళ్ళీ వేశాను. అంతే వచ్చింది. చెయ్యెత్తి మేడంని అడిగాను, నడుము వంగిపోయే మనిషి నొప్పి కూడా ఇంతేనా అని.

"ఇది వడ్డీ లెక్కమ్మా. తల్లుల లెక్క వేరే ఉంటుంది" అన్నారు ఆవిడ. క్లాసు నవ్వింది. నేనూ నవ్వాను, పెదాలు తెరవకుండా.

పెదాలు తెరవకుండా నవ్వడం నాకు బడి నాటి అలవాటు. తర్లుపాడు పక్కన మా పుట్టింటి ఊళ్ళో బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఆ నీళ్ళతో పెరిగిన మా అందరి పళ్ళ మీదా గోధుమరంగు చారలుంటాయి. వయసు ముదిరేకొద్దీ అది ఎముకల్లోకి దిగుతుంది. మా అమ్మకు అక్క, మా పెద్దమ్మ, మెడ తిప్పలేదు. పిలిస్తే మనిషంతా తిరిగి చూస్తుంది. పెదనాయన పోయి చాలా ఏళ్ళయింది. కొడుకు, కోడలు బేల్దారి పనికి హైదరాబాదు పోయారు. రెండు పాడి మేకల్ని కట్టుకుని, పాలు టీ అంగడికి పోస్తూ ఆమె ఒక్కతే బతికేది.

సెమిస్టరు చివర మేడం అందరికీ ఒక పని ఇచ్చారు. మీ ప్రాంతంలో ఇప్పుడు లేనిది, ఉంటే బాగుండునని మీకు అనిపించేది ఒకటి తీసుకుని, అది వస్తుందనే ఊహతో మదింపు చేసి రాయండి అని. హనుమంతునిపాడు నుంచి వచ్చే అబ్బాయి గొర్రెల సంత తీసుకున్నాడు. నేను మా కాలనీలో నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు తీసుకున్నాను. ఇంకేదైనా నాకు తోచే అవకాశమే లేదు.

ప్లాంటు ఖర్చు తెలుసుకోవడం తేలికే. మేలుకు విలువ కట్టడమే కష్టం. దానికి మేడం చెప్పిన పద్ధతి, జనాన్నే అడగడం. ఈ సౌకర్యం వస్తే మీరు ఎంత ఇవ్వడానికి సిద్ధం? ఎవరికి ఎంత మేలు జరుగుతుందో వాళ్ళు అంత చెబుతారు, అందరివీ కలిపితే అదే దాని విలువ. ఒక హెచ్చరిక కూడా చేశారు. ఇది ఊహ మీద అడిగే ప్రశ్న కాబట్టి జనం నోటికొచ్చిన పెద్ద మొత్తం చెప్పేస్తారు, తీరా అడిగితే జేబులో చెయ్యి పెట్టరు. అందుకని చెప్పినదాన్ని సగానికి తగ్గించి తీసుకోవాలి. పుస్తకాల్లో కూడా అట్లాగే ఉంది.

నెలకు ఎంత ఇస్తారు అని ప్రశ్న తయారుచేసి మా అమ్మకు ఫోన్లో వినిపించాను. కూలోళ్ళకు నెల లెక్క యాడిదమ్మే, పనున్న రోజే రూపాయి, ఒక్కసారికి ఎంతిస్తారని అడుగు, చెప్తారు అంది. అట్లాగే మార్చాను. అవి మిరపకోతల రోజులు. చీకటితో ఆటోలెక్కి పోయినవాళ్ళు మళ్ళీ చీకటి పడ్డాకే వస్తారు. ఆదివారం ఒక్కటే అందరూ దొరికేది. మా కాలనీ అంతా క్రైస్తవులే. ఇంటింటికీ తిరిగే బదులు ఆరాధన అయిపోయాక గుళ్ళోనే అడిగితే ఒక్క పూటలో పనైపోతుందని నేనే అనుకున్నాను. పాస్టరుగారు సంతోషంగా ఒప్పుకున్నారు.

ఆ ఆదివారం బిడ్డను కూడా తీసుకెళ్ళాను. దీవెన చెప్పి ముగించాక పాస్టరుగారు మైకు వదలకుండానే, మన బిడ్డ పెద్ద చదువు చదువుతా ఉంది, నీళ్ళ సంగతి ఒకటి అడుగుతుంది, ఎవరూ లేచి పోబాకండి అన్నారు. మైకు తీగ పొట్టిది. అందుకని నేను ఆయన నిలబడ్డ చోటికే పోయి, వాక్యం చదివే బల్ల పక్కన నిలబడి అడగాల్సి వచ్చింది. ఒక పక్క చాపల మీద ఆడవాళ్ళు, ఇంకో పక్క మగవాళ్ళు. బిడ్డ మా అమ్మ ఒళ్ళో ఉంది.

మన కాలనీలో మంచినీళ్ళ ప్లాంటు పెడితే మీ ఇంటి నుంచి ఒక్కసారికి ఎంత ఇవ్వడానికి సిద్ధం అని అడిగాను. అప్పుడు వెనక నుంచి ట్రాలీ ఆటో తోలే మా చిన్నాయన గొంతు వినిపించింది.

"ఏందమ్మే, ఈ ఏడు కోతపండగ ముందే వచ్చినట్టుందే."

అందరూ నవ్వారు. కోతపండుగ అంటే, పంట చేతికొచ్చాక తొలి కాపును గుడికి తెచ్చి ఇచ్చే రోజు. సొరకాయలు, కోళ్ళు, జొన్నల మూటలు వస్తాయి. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. సొరకాయకు సొరకాయ ధర ఎవరూ పాడరు. అంగడిలో ముప్పై రూపాయలకు దొరికేదాన్ని పోటీపడి వందలకు పాడతారు. పక్కింటి వాడి కంటే నేను తీసిపోయానా అనే పట్టుదల కొంత, భక్తి కొంత.

చిన్నాయన తన పేరున ఐదు వందలు రాసుకోమన్నాడు. ఆయనకు వరసకు బావ అయ్యేవాడు లేచి, నువ్వు ఐదొందలైతే నేను ఏడొందలు, నీ డొక్కు బండి కంటే నా నాగలి తక్కువదా అన్నాడు. ఇక ఆగలేదు. ఆడవాళ్ళ వైపు నుంచి కూడా అంకెలు వచ్చాయి. నేను పరుగుపరుగున రాసుకుంటున్నాను. ఇంత బాగా సర్వే జరుగుతున్నందుకు నాకు ఒళ్ళు తెలియలేదు.

చివర్న మా పెద్దమ్మ స్తంభం పట్టుకుని లేచింది. మనిషంతా నా వైపు తిరిగింది.

"పదివేలు" అంది.

నవ్వులు ఆగిపోయాయి. పాస్టరుగారి భార్య మెల్లగా స్తోత్రం అంది. నేను నిజంగానా పెద్దమ్మా అని అడిగాను. గుళ్ళో అబద్ధం చెప్తానా అని ఆమె మళ్ళీ కూర్చుంది. నేను ఆమె పేరుకు ఎదురుగా పదివేలు వేసుకున్నాను.

ఆ వారంలోనే రిపోర్టు రాసి తీసుకెళితే మేడం మెచ్చుకున్నారు. చెప్పినట్టే అందరి మొత్తాలనూ సగం చేశాను. పెద్దమ్మ అంకె దగ్గర ఆవిడ పెన్సిల్ ఆగింది. ఈ మనిషి ఆదాయం ఎంత అని అడిగారు. చెప్పాను. దీనికీ దానికీ పొంతన లేదు, మొత్తం లెక్కను పాడుచేస్తుంది, దీన్ని సగం కూడా చెయ్యొద్దు, తీసెయ్యి అన్నారు. పొంతన లేని అంకెను పక్కన పెట్టడం మా శాస్త్రంలో మామూలే. తీసేశాను. అది లేకపోయినా ఖర్చు కంటే మేలే ఎక్కువని తేలింది. మంచి మార్కులు వచ్చాయి.

పరీక్షలైపోయాక బిడ్డను తీసుకుని పుట్టింటికి వెళ్ళాను. అప్పటికి దానికి కింద రెండు పళ్ళు వచ్చాయి. వెలుతురు తగిలినప్పుడల్లా వాటిని నేను పరీక్షగా చూసేదాన్ని. తెల్లగానే ఉన్నాయా, ఏదైనా చార కనబడుతోందా అని. ఇది రాస్తున్న ఇప్పుడు కూడా, నిద్రలో నోరు తెరిస్తే సెల్ వెలుగుకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి వచ్చాను. ఆ రోజు అమ్మ అన్నం పెట్టి, నేను చేయి కడుక్కోగానే బియ్యం డబ్బా మూత తీసింది. లోపల నుంచి ఒక గుడ్డసంచి తీసి నా ముందు పెట్టింది. మడతలు పెట్టి, దారాలతో కట్టిన నోట్ల కట్టలు.

"తీసుకపో. ఇంకా నాలుగిళ్ళోళ్ళు ఇయ్యాల. కోతలైనాక ఇస్తామన్నారు."

నాకు అర్థం కాలేదు. ఇదేంది అని అడిగాను. నీళ్ళ డబ్బులే, నువ్వు రాసుకొనిపోయినవి అంది అమ్మ, నేనేదో పరాచికం ఆడుతున్నట్టు. ఆ ఆదివారం మొదలుకొని ఒక్కొక్కరే తెచ్చి ఇస్తున్నారట. మీ బిడ్డ వచ్చినప్పుడు ఇయ్యి అని. అమ్మ ఎవరిది వాళ్ళకు విడిగా దారం కట్టి పెట్టిందట.

"అమా, అది ఉత్త ప్రశ్న. చదువు కోసం అడిగినాను. ఎవురూ ఇయ్యక్కర్లా."

అమ్మ నా మొహంలోకి చూసింది.

"చదువు కోసమైతే ఇంటికాడ అడగొచ్చు గదే. నువ్వు మైకు ముందర నిలబడితివి. అయ్యగారు పక్కనే ఉండె. అందురూ నోరు తెరిచి చెప్పిరి. చెప్పింది రాసుకుంటివి. అది మొక్కుబడి గాక ఏందే?"

కోతపండుగ వేలంలో పాడిన మొత్తం అప్పటికప్పుడు చేతిలో లేకపోయినా ఎవరూ ఏమీ అనరు. కూలి చేసుకుని నెలకో రెండు నెలలకో తెచ్చి ఇస్తారు. ఎగ్గొట్టిన మనిషిని నేను చూడలేదు. గుళ్ళో నిలబడి అన్న మాట దేవుడితో అన్న మాట. అది నేను పుట్టి పెరిగిన పద్ధతి. యూనివర్సిటీ వాళ్ళకు తెలియదంటే సరే. వరసలు తెలిసి, పాటలు తెలిసి, ఆ చాపల మీదే పాలు తాగి పెరిగిన నాకు ఎందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు. చెప్పింది ఇవ్వరు అన్న హెచ్చరిక ఒకటే నా తలలో ఉంది. చెప్పింది ఇచ్చేసే జనం గురించి మా పుస్తకాల్లో ఒక్క వాక్యం లేదు.

"ప్లాంటు ఎప్పుడు పెడతారంట?" అని అడిగింది అమ్మ.

"ప్లాంటు లేదుమా. నేను ఊహించుకున్నాను. అంతే."

అమ్మ గోడకు చేరబడి కింద కూర్చుంది. బిడ్డ సంచి అంచు పట్టుకుని లాగుతోంది. అమ్మ దాని వేళ్ళు విడిపించి, చాలాసేపు ఆ చేతిని అట్లాగే పట్టుకుంది. తర్వాత అడిగింది, మరి మా అక్క మేకల్ని అమ్మిందే, దాన్నేం చేస్తావు అని.

పెద్దమ్మ రెండు మేకల్నీ ఆ ఆదివారం తర్వాత వారం తిరక్కుండానే సంతకు పంపిందట. తొందరపడుతున్న సంగతి కనిపెట్టి బేరగాడు ధర తగ్గించాడట. పదివేలకు కాస్త పైన వచ్చిందట. ఆ కాస్త కూలి మనిషికి పోయింది. పదివేలూ సంచిలో ఉన్నాయి. ఎర్ర దారం కట్టిన కట్ట అమ్మ తీసి చూపించింది. నేను దాన్ని ముట్టుకోలేకపోయాను. ఆమె మేకల్ని తోలించిన ఆ వారంలోనే నేను ఆమె అంకెను రిపోర్టులోంచి కొట్టేశాను.

మేడంకి ఫోన్ చేశాను. ఆవిడ మొదట నమ్మలేదు. రెండుసార్లు చెప్పించుకున్నారు. అయితే ఆ అంకె తీసేయకుండా ఉండాల్సింది కదా అన్నారు. అన్నాక ఆవిడకే ఎట్లాగో అనిపించినట్టుంది, గొంతు తగ్గించి, అందరికీ తిరిగి ఇచ్చెయ్యమ్మా, ఇచ్చినట్టు సంతకాలు తీసుకో, నీకేం కాదు అన్నారు. నాకేమవుతుందోనని కాదు నేను ఫోన్ చేసింది.

సాయంత్రం నాయన పని నుంచి వచ్చాక, బిడ్డను ఎత్తుకుని ఇద్దరం పెద్దమ్మ ఇంటికి పోయాం. దారిలో నాయన ఒక్క మాట కూడా నన్ను అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కొట్టంలో గూటాలు, తాళ్ళు అట్లాగే ఉన్నాయి. కింద పెంటికలు ఎండిపోయి ఉన్నాయి. పాలు లేవే, ఉత్త డికాషనే అని పెద్దమ్మ గ్లాసులు మా చేతికిచ్చి, నా ఒళ్ళోని బిడ్డను చూడటానికి మంచం అంచున పక్కకు తిరిగి కూర్చుంది.

నాయనే చెప్పాడు అంతా. ప్లాంటు వట్టిదని, పిల్ల తెలియక అడిగిందని. ఎర్ర దారం కట్ట మంచం మీద పెట్టాడు. పెద్దమ్మ దాని వైపు చూడలేదు.

"ప్లాంటు రాదా?" అని నన్ను అడిగింది.

రాదని చెప్పాను. ఆమె కాసేపు గ్లాసులోకి చూసింది. నువ్వేం చేస్తావులే, చదువుకునేదానివి అంది. డబ్బు మాత్రం తీసుకోనంది. అన్న మాట మళ్ళా మింగితే లోపల ఏమైతాదో నీకు తెలుసా అని నాయన్నే ఎదురడిగింది.

నేను ఉండబట్టలేక, నీకు దాంట్లో ఏం వస్తుందని అంత చెప్పినావు పెద్దమ్మా అన్నాను.

"నాకేం వస్తాదే? నా ఎముకలు ఎప్పుడో అయిపోయినాయి. ఇప్పుడు అమృతం తెచ్చి పోసినా ఈ మెడ తిరగదు. పిల్లోళ్ళు తాగుతారు గదా అని చెప్పినాను."

ఎవరికి ఎంత మేలో వాళ్ళు అంత చెబుతారు. ఆ వాక్యం నేను పరీక్షలో రెండుసార్లు రాశాను. అందరిలోకీ పెద్ద మొత్తం చెప్పిన మనిషికి ఆ నీళ్ళతో వచ్చే మేలు సున్నా. ఆమె తన కోసం చెప్పనే లేదు. నేను వేసిన పట్టికలో ఆ మాట రాయడానికి గడి లేదు. డికాషన్ చేతిలో చల్లారిపోయింది. బిడ్డ ఆమె చెవికమ్మ కోసం చెయ్యి చాపింది. మెడ వంచలేని మనిషి నడుము దగ్గరి నుంచి మొత్తంగా వంగి, దానికి చెవి అందించింది.

తర్వాతి ఆదివారం గుళ్ళో నేను మళ్ళీ నిలబడ్డాను. ఈసారి మైకు వద్దన్నాను. ప్లాంటు రావట్లేదని, ఎవరూ పెట్టట్లేదని, అది నా చదువు కోసం వేసిన ప్రశ్న అని, మీ డబ్బు మీరు తీసుకోండని చెప్పాను. ఎర్ర దారం కట్టతో సహా సంచి బల్ల మీద పెట్టాను.

"అంటే పాట పాడినాము, సొరకాయ లేదంటావు" అన్నాడు చిన్నాయన.

ఎవరో నవ్వబోయి ఆగారు. ఆడవాళ్ళ వైపు నుంచి ఒకామె, మా బతుకులు మీకు పరీక్ష పేపర్లా అని అంది. నా చిన్నప్పుడు నాకు జడలు వేసిన మనిషి. ఆమె నా జవాబు కోసం చూడలేదు. కోపం వచ్చిన వాళ్ళు కూడా సంచి దగ్గరికి రాలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఇచ్చేసినదాన్ని ఇంటికి ఎట్లా తీసుకుపోవాలో ఎవరికీ తెలియదు. గుడి పైకప్పుకు వాడదామని ఒక పెద్దాయన అంటే పాస్టరుగారు ఒప్పుకోలేదు. నీళ్ళ కోసం అన్న మాట నీళ్ళకే పోవాల అన్నారు. సంచి బల్ల మీద, జనం చాపల మీద, ఎవరూ కదల్లేదు.

చివరికి చిన్నాయనే లేచాడు. ప్లాంటు మార్కాపురంలో ఉండనే ఉంది, నీళ్ళు ఇక్కడికి రావడమే కావాల అన్నాడు. చిన్నపిల్లలున్న ఇళ్ళకు తన ట్రాలీలో క్యాన్లు తెచ్చి వేస్తానని, డీజిల్ ఖర్చు తప్ప తనకేమీ వద్దని చెప్పాడు. సంచిలోది ఎన్నాళ్ళు వస్తే అన్నాళ్ళు. ఎండాకాలం దాటుతుందేమో చూద్దామన్నారు. ఐదొందలతో పోయేది బండే ఇచ్చుకున్నాడు చూడు అని ఆయన బావ అనగానే గుడంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. వాళ్ళు తేల్చుకున్నది నీళ్ళ సంగతే. మేకల సంగతి అట్లాగే ఉంది.

మా ఆయన బోరు మోటార్లు బాగుచేసే పనిలో ఉంటాడు, పల్లెలన్నీ తిరిగే మనిషి. బేరగాడిని వెతికి పట్టుకున్నాడు. రెండు మేకలూ వేరే సరుకుతో పాటు లారీలో హైదరాబాదుకు ఎప్పుడో పోయాయి. ఇంకేం వెతుకుతావు అన్నాడట ఆ బేరగాడు. ఆ మాట నాకు చెప్పడానికి మా ఆయన రెండు రోజులు తటపటాయించాడు. తర్వాత ఇద్దరం అనుకుని, సంతలో ఒక చూడి మేకను కొన్నాం. ఇకమీదట ఎవర్నీ ఏమీ అడక్కు అని మాత్రం అన్నాడు.

మేకను చూడగానే పెద్దమ్మకు విషయం అర్థమైంది. పళ్ళు చూసింది, పొదుగు తడిమింది, ఎంత పెట్టినారని అడిగింది. చెబితే, మిమ్మల్ని బాగానే ముంచినారే అంది. కానీ తాడు అందుకోలేదు. దీన్ని తీసుకుంటే ఆ డబ్బు తిరిగి తీసుకున్నట్టే గదా, నాకు వద్దు, తోలుకపో అంది. నేను బతిమాలాను. ఆమె వినలేదు. ఆమె వెనక ఖాళీ కొట్టం, పొద్దున నుంచి పొయ్యి మీద ఏమీ పెట్టినట్టు లేదు. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు నాయన, పాలికి మేపొచ్చు గదా వదినా అన్నాడు. మా వైపు అది మామూలే. మేక ఒకరిది, మేపు ఇంకొకరిది, పుట్టిన పిల్లల్లో ఇద్దరికీ పాలు ఉంటుంది. అందులో ఎవరూ ఎవరికీ ఇచ్చినట్టు కాదు. పెద్దమ్మ ఆలోచించింది. బిడ్డను ఎత్తుకుని నిలబడ్డ నా వైపు మనిషంతా తిరిగింది.

"ఎంత పాలో నీ నోటితో చెప్పు. మేక నీది."

అన్నీ నీకే అని నా నోటిదాకా వచ్చింది. అంటే ఆమె తాడు మళ్ళీ నా చేతిలోనే పెట్టి లోపలికి పోతుంది. అదీగాక, ఇక్కడ ఒకసారి నోటితో అన్న మాటను మళ్ళీ వెనక్కి తీసుకోవడం ఉండదు. నేను తొందరపడలేదు. బిడ్డను ఈ భుజం మీది నుంచి ఆ భుజానికి మార్చుకున్నాను. నాయన కూడా ఏమీ అందించలేదు. ముగ్గురూ నా కోసం ఆగారు, మేకతో సహా.

"సగం సగం, పెద్దమ్మా. పాడి నీది."

ఆమె నా మొహం చూసి, మాట గట్టిదేనని నమ్మకం కుదిరాక, చెయ్యి చాపి తాడు తీసుకుంది.